ఆల్ప్స్‌లో ఐదు దేశాల రోడ్ ట్రిప్: కనుమల లెక్కన ప్లాన్ చేసుకునే పద్ధతి

ఆల్ప్స్ పర్వతాల్లో కారు ప్రయాణం అనుకోగానే చాలామంది మ్యాప్ తెరిచి చూడాల్సిన ఊళ్లు గుర్తు పెట్టుకుంటారు, తర్వాత వాటిని కలుపుతూ గీత గీస్తారు. మైదానంలో ఆ పద్ధతి చెల్లుతుంది. కొండల్లో మాత్రం ముందు కనుమలు, అంటే కొండను దాటించే ఎత్తైన దారులు, ఎంచుకోవాలి, ఊళ్లు వాటి వెనకే వస్తాయి. ఏ కనుమ ఏ తేదీకి తెరుచుకుంటుంది, దాన్ని దాటడానికి ఎంతసేపు పడుతుంది, మూసేస్తే పక్కదారి ఏది? ఈ మూడింటికీ జవాబు దొరికాకే హోటల్ బుక్ చేయాలి. వీసా, అద్దె కారు, టోల్ అన్నీ ఆ తర్వాతి పనులు.

ఇక్కడ ఒక నిజమైన రూటును పట్టుకుని మొత్తం ప్లానింగ్ చూద్దాం. మ్యూనిక్‌లో మొదలై ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్, లీచ్‌టెన్‌స్టయిన్ మీదుగా మళ్లీ మ్యూనిక్ చేరే చుట్టు ఇది. ఏడు రోజులు, ఆరు రాత్రులు, వెయ్యి కిలోమీటర్ల లోపు. బయల్దేరిన చోటికే తిరిగి రావడం వల్ల ఒక దేశంలో తీసుకున్న కారును ఇంకో దేశంలో అప్పగించినందుకు వేసే భారీ ఛార్జీ తప్పుతుంది.

రూటు

1వ రోజు: మ్యూనిక్ నుంచి ట్సెల్ ఆమ్ జే. కావాలనే తేలిక రోజుగా పెట్టింది ఇది. కారు కొత్త, స్టీరింగ్ ఎడమవైపు, రోడ్డుకు కుడివైపున నడపాలి. ఇంత కొత్తదనంతో మొదటిరోజే కనుమ ఎక్కకూడదు.

2వ రోజు: గ్రోస్‌గ్లాక్నర్ హై ఆల్పైన్ రోడ్. 1935లో తెరిచిన ఈ రోడ్డు బ్రుక్ నుంచి హైలిగెన్‌బ్లూట్ దాకా 48 కి.మీ., నంబర్లు వేసిన హెయిర్‌పిన్ మలుపులు 36. హోఖ్‌టోర్ దగ్గర రోడ్డు 2,504 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఒక చీలిక రోడ్డులో ఎడెల్‌వైస్‌ష్పిట్జె వ్యూపాయింట్ (2,571 మీటర్లు), ఇంకో చీలిక రోడ్డులో పాస్టెర్జె హిమానీనదం కనిపించే కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్స్ హోయె. సాయంత్రానికి లియెంజ్ మీదుగా ఇటలీలోని డొబ్బియాకో.

3వ రోజు: డోలమైట్స్ (ఈశాన్య ఇటలీ కొండలు). కోర్టినా, ఫల్జారెగో కనుమ (2,105 మీ.), అరబ్బా, పొర్దోయి కనుమ (2,239 మీ.), కనాజెయి. దూరం వంద కిలోమీటర్ల లోపే, కానీ పూర్తి రోజు కేటాయించండి. ఈ చుట్టు మొత్తంలో మాటిమాటికీ కారు ఆపాలనిపించేది ఇక్కడే.

4వ రోజు: కోస్టలుంగా కనుమ, కరేజ్జా సరస్సు, బొల్జానో, మెరానో మీదుగా ప్రాటో అల్లో స్టెల్వియో. మర్నాటి పెద్ద ఎక్కుడు ముందు ఇది విరామం.

5వ రోజు: స్టెల్వియో కనుమ (2,757 మీ.), అక్కడి నుంచి ఉంబ్రైల్ కనుమ (2,501 మీ.) దిగితే స్విట్జర్లాండ్‌లోని సాంటా మరియా. తర్వాత ఓఫెన్ కనుమ (2,149 మీ.), 1914లో ఏర్పడిన స్విస్ నేషనల్ పార్క్ మధ్యగా ట్సెర్నెజ్.

6వ రోజు: ఫ్లూయెలా కనుమ (2,383 మీ.), దావోస్, లాండ్‌క్వార్ట్, వాడుజ్, ఫెల్డ్‌కిర్ఖ్, రాత్రికి బ్రెగెంజ్.

7వ రోజు: లిండావు మీదుగా మ్యూనిక్. ఆ రోజు సాయంత్రం విమానం మాత్రం పెట్టుకోవద్దు, తిరుగుదారిలో జర్మనీ సరిహద్దు దగ్గర క్యూ ఉండొచ్చు.

ఇటలీ ఉత్తర అంచున ఉన్న దక్షిణ టైరోల్‌లో ప్రతి ఊరికీ జర్మన్, ఇటాలియన్ పేర్లు రెండూ బోర్డు మీద ఉంటాయి. బొల్జానో, బోట్జెన్ ఒకటే ఊరు. డొబ్బియాకోనే టోబ్లాఖ్, ప్రాటోనే ప్రాడ్, స్టెల్వియోనే ష్టిల్ఫ్‌సెర్ యోఖ్. రెండు పేర్లూ కాగితం మీద రాసి డాష్‌బోర్డు దగ్గర ఉంచుకుంటే రౌండెబౌట్‌లో తడబాటు ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి

ఈ రూటులోని కనుమలన్నీ ఒకేసారి తెరిచి ఉండే కాలం తక్కువ. గ్రోస్‌గ్లాక్నర్ మామూలుగా మే మొదట్లో తెరుచుకుని నవంబర్ మొదట్లో మూతపడుతుంది. స్టెల్వియో, ఉంబ్రైల్ మే చివర్లోనో జూన్‌లోనో తెరుచుకుంటాయి. మంచు ఎక్కువ పడిన ఏడాది ఇవన్నీ వెనక్కి జరుగుతాయి. అందుకే జూన్ మూడో వారం కంటే ముందు తేదీలతో టికెట్లు తీయకండి. అన్నిటికంటే మంచిది సెప్టెంబర్ మొదటి మూడు వారాలు. స్కూలు సెలవుల రద్దీ తగ్గుతుంది, గాలి తేటగా ఉంటుంది, మధ్యాహ్నం ఉరుముల వానలు తగ్గుతాయి. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు, దాని అటూ ఇటూ వారం డోలమైట్స్‌లో గదీ దొరకదు, పార్కింగూ దొరకదు.

తేదీలు ఖాయం చేసేముందు సైకిల్ రోజులు కూడా చూసుకోవాలి. జూలై మొదట్లో జరిగే మరథోనా సైకిల్ పోటీకీ, సెల్లారొండా బైక్ డే నాడూ డోలమైట్స్ కనుమల్లోకి గంటల తరబడి కార్లను రానివ్వరు. స్టెల్వియోకూ ఏడాదిలో ఒకరోజు సైకిళ్ల కోసమే రోడ్డు మూసేస్తారు, అది వేసవి చివర్లో వస్తుంది. ఆ ఏడాది తేదీలు ముందే ప్రకటిస్తారు. ఇవి చూసుకోకుండా వెళ్లినవాళ్లు బారికేడ్ దగ్గరికి చేరాక తెలుసుకుంటారు, అప్పటికి రోజు పోయినట్టే.

మండువేసవిలోనూ చలిబట్టలు కావాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. ప్రాటోలో 28 డిగ్రీలుంటే స్టెల్వియో మీద 16, గాలి వీస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. 2,500 మీటర్ల పైన ఏ నెలలోనైనా మంచు పడొచ్చు.

గంటల లెక్క, పక్కదారి లెక్క

కనుమ రోడ్డు మీద గంటకు 35 నుంచి 40 కి.మీ. లెక్క వేసుకోండి. ప్రాటో నుంచి స్టెల్వియో పైకి 25 కి.మీ. మాత్రమే, అయినా గంట పడుతుంది. గ్రోస్‌గ్లాక్నర్‌ను ఆగకుండా దాటితే గంటన్నర, కానీ దారి టోల్ కట్టి ఆగకుండా వెళ్లడంలో అర్థం లేదు కాబట్టి నాలుగైదు గంటలు పెట్టుకోండి. రోజుకు స్టీరింగ్ ముందు నాలుగు గంటలు, పెద్ద కనుమలు రెండు. ఇది దాటితే సాయంత్రానికి డ్రైవర్‌కు లోయ కనిపించదు, తెల్లగీత మాత్రమే కనిపిస్తుంది. కనుమ అడుగుకు ఉదయం 7 గంటలకల్లా చేరాలి. 10 దాటితే బైకులు, టూరిస్టు బస్సులు, సైకిళ్లు అన్నీ ఒకేసారి వస్తాయి.

ఇక ప్రతి కనుమకూ పక్కదారి రాసి పెట్టుకోవాలి. ఈ రూటు ఎంచుకోవడానికి అసలు కారణమే అది, ప్రతిదానికీ దగ్గర్లోనే ప్రత్యామ్నాయం ఉంది.

- గ్రోస్‌గ్లాక్నర్ మూస్తే: మిట్టెర్‌సిల్ నుంచి ఫెల్బెర్‌టావెర్న్ సొరంగం గుండా మాత్రై, లియెంజ్. టోల్ ఉంటుంది కానీ ఏడాది పొడవునా నడిచే దారి.
- ఫల్జారెగో, పొర్దోయి మూస్తే: డొబ్బియాకో నుంచి పుస్టెర్ లోయ వెంట బ్రిక్సెన్, అక్కడి నుంచి బొల్జానో.
- స్టెల్వియో లేదా ఉంబ్రైల్ మూస్తే: ప్రాటో నుంచి గ్లూర్న్స్, తావ్‌ఫెర్స్, మ్యూస్టెయిర్ మీదుగా సాంటా మరియా. లోయ రోడ్డే, శీతకాలంలోనూ తెరిచి ఉంటుంది.
- ఫ్లూయెలా మూస్తే: సాల్యైన్స్ నుంచి క్లోస్టెర్స్ దాకా వెరైనా సొరంగంలో కారును రైలెక్కించే సర్వీసు ఉంది.
- ఓఫెన్ కనుమ ఏడాదంతా నడుస్తుంది, దానికి పక్కదారి అక్కర్లేదు.

కనుమల స్థితి ముందురోజు రాత్రి, బయల్దేరేముందు రెండుసార్లు చూడండి. ఆస్ట్రియా వాహనదారుల క్లబ్ ఓయామ్‌టీసీ, జర్మనీ ఏడీఏసీ, స్విట్జర్లాండ్ టీసీఎస్ వాళ్ల సైట్లలో తెరిచిందీ మూసిందీ స్పష్టంగా ఇస్తారు.

మ్యాప్ యాప్‌కు ప్రాటో నుంచి ట్సెర్నెజ్ అని మాత్రమే చెబితే అది లోయదారి చూపిస్తుంది, ఎందుకంటే అదే త్వరగా చేరుస్తుంది. కాబట్టి కనుమ శిఖరాన్నే మధ్య మజిలీగా పెట్టాలి. ఐదు దేశాల మ్యాపులూ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, మలుపుల మధ్య సిగ్నల్ పోవడం మామూలే.

వీసా, లైసెన్స్

ఐదు దేశాలూ ఒకే వీసా చెల్లే షెంగెన్ ప్రాంతంలోనే ఉన్నాయి. స్విట్జర్లాండ్, లీచ్‌టెన్‌స్టయిన్ యూరోపియన్ యూనియన్ సభ్యులు కాకపోయినా షెంగెన్‌లో చేరాయి కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా సరిపోతుంది. ఏ దేశానికి అప్లై చేయాలన్నది రాత్రుల లెక్కతో తేలుతుంది: ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి, సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఈ చుట్టులో ఇటలీలో 3 రాత్రులు, ఆస్ట్రియాలో 2, స్విట్జర్లాండ్‌లో 1. మ్యూనిక్‌లో ముందొకటి, వెనకొకటి ఉన్నా జర్మనీవి 2. అంటే దరఖాస్తు ఇటలీకే. మ్యూనిక్‌లో ఇంకో రెండు రాత్రులు కలిపితే జర్మనీ వాటా ఎక్కువై లెక్క మారిపోతుంది. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా తప్పనిసరి. ఆ పాలసీ కొండ ప్రాంతంలో హెలికాప్టర్ రెస్క్యూ ఖర్చును భరిస్తుందా అన్నది కూడా చదవండి.

ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లు బయల్దేరేముందే ఆర్టీవో దగ్గర ఫారం 4ఏ తో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే చాలదు, అసలు లైసెన్స్ కార్డు కూడా చేతిలో ఉండాలి. ఫోన్‌లోని డిజిలాకర్ కాపీ ఇక్కడ పనికిరాదు. ఇద్దరు నడపాలనుకుంటే ఇద్దరికీ పర్మిట్లు, ఇద్దరి పేర్లూ అద్దె ఒప్పందంలో ఉండాలి. పేరు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా వర్తించదు.

అద్దె కారు

చిన్న కారు తీసుకోండి. స్టెల్వియో మలుపుల్లో వెడల్పాటి ఎస్‌యూవీ సౌకర్యం కాదు, భారం. నలుగురు మనుషులు, సామాను ఉంటే టర్బో ఇంజిన్, 110 హార్స్‌పవర్ పైన ఉన్నది చూడండి. టర్బో లేని ఇంజిన్ ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ సుమారు 10 శాతం శక్తి కోల్పోతుంది, అంటే స్టెల్వియో పైన నాలుగో వంతుకు పైగా పోయినట్టే. గేర్లు కుడిచేత్తో వేసే అలవాటు లేకపోతే ఆటోమేటిక్ అడగండి. కాకపోతే గేరును మన ఇష్టప్రకారం తగ్గించుకునే మాన్యువల్ మోడ్ అందులో ఉండాలి. దిగేటప్పుడు అది లేకుండా కుదరదు.

బుకింగ్ సమయంలోనే తేల్చుకోవాల్సినవి:

- ఐదు దేశాల పేర్లూ చెప్పి, సరిహద్దు దాటేందుకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని కంపెనీలు ఖరీదైన మోడళ్లను ఇటలీలోకి తీసుకెళ్లనివ్వవు.
- డిపాజిట్ కోసం డ్రైవర్ పేరు మీదే ఉన్న, పిన్ తెలిసిన క్రెడిట్ కార్డు కావాలి.
- ప్రమాదం జరిగితే మనం భరించాల్సిన మొత్తం ఎంత? టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం కవర్ అవుతాయా? కొండ రోడ్డు మీద దెబ్బతినేవి అవే, మామూలు కవర్‌లో తరచూ వదిలేసేవీ అవే.
- అక్టోబర్ తర్వాత వెళ్తే వింటర్ టైర్లు కావాలని విడిగా అడగాలి. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు, ఐసు ఉన్న రోడ్డుపై అవి తప్పనిసరి.

కారు తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మెరిసే జాకెట్ ఉన్నాయో లేదో చూడండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో మూడూ ఉండాలి. జాకెట్‌ను డిక్కీలోంచి తీసి సీటు కింద పెట్టుకోండి, రోడ్డు మీద కారు దిగకముందే వేసుకోవాల్సినది అది. పిల్లలుంటే 150 సెంటీమీటర్ల ఎత్తు దాకా వాళ్లకు తగ్గ సీటు అడగండి. డాష్‌క్యామ్ వెంట తీసుకెళ్లకపోవడమే మంచిది, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ చట్టాలు దాని వాడకాన్ని గట్టిగా నియంత్రిస్తాయి.

టోల్ ఎక్కడ, స్టిక్కర్ ఎక్కడ

ముందు బోర్డుల రంగు గుర్తు పెట్టుకోండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో మోటర్‌వే బోర్డు నీలం. ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో మోటర్‌వే బోర్డు ఆకుపచ్చ, నీలం అంటే మామూలు రోడ్డు. స్టిక్కర్ లేకుండా మోటర్‌వే ఎక్కేసే పొరపాటు ఎక్కువగా ఈ రంగుల మార్పు వల్లే జరుగుతుంది.

జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియా మోటర్‌వేలకు విన్యెట్ (కాలపరిమితి ఉన్న టోల్ స్టిక్కర్) కావాలి: ఒకరోజుది, 10 రోజులది, 2 నెలలది, ఏడాదిది ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే అది కారు నంబరుకు ముడిపడుతుంది కాబట్టి కారు చేతికి రాకముందు కొనలేరు, నంబరులో ఒక్క అక్షరం తప్పినా లేనట్టే. ఎప్పటి నుంచి చెల్లుతుందో కూడా డబ్బు కట్టేముందే చూడండి. మొదటి రోజు కూఫ్‌స్టయిన్ దగ్గర ఆస్ట్రియాలోకి వెళ్తే, సరిహద్దు నుంచి కూఫ్‌స్టయిన్ జ్యూడ్ ఎగ్జిట్ వరకు 2019 డిసెంబర్ నుంచి విన్యెట్ అక్కర్లేదు. అక్కడ దిగి సాంక్ట్ యోహాన్ మీదుగా మామూలు రోడ్డులో ట్సెల్ చేరొచ్చు. ఆరో రోజు కూడా అంతే, హోహెనెమ్స్ నుంచి జర్మనీ సరిహద్దు దాకా ఉచితం, ఫెల్డ్‌కిర్ఖ్ నుంచి హోహెనెమ్స్ వరకు కావాలి. గ్రోస్‌గ్లాక్నర్‌కు విన్యెట్‌తో సంబంధం లేదు, దాని టోల్ వేరు. కారుకు రోజు టికెట్ 40 యూరోల పైనే. రాత్రిపూట ఆ రోడ్డు మూసేస్తారు.

స్విట్జర్లాండ్‌లో ఒకటే విన్యెట్, 40 ఫ్రాంకులు. ముందు ఏడాది డిసెంబర్ 1 నుంచి తర్వాతి జనవరి 31 దాకా, 14 నెలలు చెల్లుతుంది. 2023 నుంచి ఆన్‌లైన్‌లోనూ కొనొచ్చు. ఈ రూటులో స్విస్ మోటర్‌వే చాలా కొద్దిదూరమే. లాండ్‌క్వార్ట్ నుంచి మైయెన్‌ఫెల్డ్, లూట్సిష్టైగ్ మీదుగా లీచ్‌టెన్‌స్టయిన్‌లోని బాల్జెర్స్‌కు చక్కటి పాత రోడ్డు కూడా ఉంది. అయినా విన్యెట్ కొనమనే చెబుతాం. ఒక్క ఎగ్జిట్ పొరబడి మోటర్‌వే ఎక్కితే జరిమానా 200 ఫ్రాంకులు, పైగా విన్యెట్ ధర అదనం.

ఇటలీ మోటర్‌వేలకు దూరాన్ని బట్టి టోల్, ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట కట్టాలి. ఈ రూటులో అది ఎక్కకుండానే గడిచిపోతుంది. ఇటలీలో జాగ్రత్త పడాల్సింది జెడ్‌టీఎల్ గురించి. పాత పట్టణాల నడిబొడ్డులోకి బయటి కార్లను రానివ్వని ప్రాంతం అది. తెల్ల వృత్తానికి ఎర్ర అంచు, పక్కనే కెమెరా. గేటు ఉండదు, ఆపేవాళ్లూ ఉండరు, దాటిన ప్రతిసారీ ఒక జరిమానా. బొల్జానోలో హోటల్ ఆ ప్రాంతంలో ఉంటే కారు నంబరు రిజిస్టర్ చేయమని హోటల్‌వాళ్లను ముందే అడగండి.

డోలమైట్స్‌లో రెండు చోట్లకు ముందస్తు బుకింగ్ సంగతి చూసుకోవాలి. మిసురినా నుంచి త్రే చిమే శిఖరాల కిందున్న ఔరొంజో గుడిసె దాకా వెళ్లే టోల్ రోడ్డు ఒకటి, బ్రాయెస్ సరస్సు రెండోది. నడివేసవిలో పగటిపూట బుకింగ్ లేని కార్లను బ్రాయెస్ లోయలోకి వదలడం లేదు.

సరిహద్దుల దగ్గర

డొబ్బియాకోకు వెళ్లేదారిలో ఆస్ట్రియా అయిపోయి ఇటలీ మొదలైందని బోర్డు చూస్తే తప్ప తెలియదు. జర్మనీలోకి వచ్చేటప్పుడు అలా కాదు, 2024 సెప్టెంబర్ నుంచి తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. పాస్‌పోర్టులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతికందేలా ఉండాలి.

స్విట్జర్లాండ్, లీచ్‌టెన్‌స్టయిన్ షెంగెన్‌లో ఉన్నా యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ పరిధిలో లేవు. మనుషుల కాగితాలు అడగకపోయినా సామాను అడగొచ్చు. 2025 జనవరి 1 నుంచి స్విట్జర్లాండ్‌లోకి మనిషికి 150 ఫ్రాంకుల విలువ దాకానే పన్ను లేకుండా తీసుకెళ్లొచ్చు, అంతకుముందు అది 300. మాంసం మనిషికి ఒక కిలో. ఇటలీలో తోలు వస్తువులు, సీసాలు కొన్నవాళ్లు బిల్లులు దగ్గర పెట్టుకోవాలి.

వేగపరిమితి సరిహద్దుతోపాటే మారుతుంది. ఊళ్లలో అన్నిచోట్లా 50. ఊరి బయట మామూలు రోడ్డు మీద జర్మనీ, ఆస్ట్రియాల్లో 100, ఇటలీలో 90, స్విట్జర్లాండ్‌లో 80. స్విస్ జరిమానాలు చాలా బరువు, గంటకు నాలుగైదు కిలోమీటర్లు మించినా వదలరు.

కొండ మీద నడపడం

ముందు ఎక్కడం. స్టెల్వియోను 1820 నుంచి 1825 మధ్య కార్లో డొనెగాని అనే ఇంజినీరు కట్టించాడు, గుర్రపు బళ్ల కోసం. అందుకే వాలు భరించేలా ఉంటుంది, మలుపులు మాత్రం ఇరుకు. ప్రాటో వైపు 48 మలుపులకు రాళ్ల మీద నంబర్లున్నాయి, కింద 48తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. ఇంకెన్ని మిగిలాయో ఎప్పుడూ తెలుస్తుంటుంది.

ఒక్క మలుపును దగ్గరగా చూద్దాం. ఎక్కుతున్నప్పుడు ఎడమవైపు తిరిగే మలుపులో మీరు బయటి అంచున ఉంటారు, చుట్టు పెద్దది, తేలిక. కుడివైపు తిరిగే మలుపే కష్టం, లోపలి అంచు మీది అవుతుంది, అక్కడ రోడ్డు నిట్టనిలువుగా అనిపిస్తుంది. మలుపుకు ముందే, కారు ఇంకా నేరుగా ఉండగానే మొదటి గేరులోకి రండి. మలుపు మధ్యలో గేరు మారిస్తే కారు ఆగిపోతుంది, వెనక్కి జారుతుంది. మలుపు దగ్గరికి రాకముందే తల పైకెత్తి పై అంతస్తు రోడ్డు చూడండి. బస్సు దిగుతుంటే మలుపుకు 15, 20 మీటర్ల ముందే ఆగి దానికి మొత్తం వెడల్పు వదలండి. మలుపులోకి దూరాక ఇద్దరికీ దారి ఉండదు. అద్దం కొంచెం దించి ఉంచితే హారన్ వినిపిస్తుంది. సైకిల్‌వాళ్లను మలుపులో దాటకండి, మలుపు తర్వాత నేరుగా ఉన్న ముక్కలో దాటండి, మీటరున్నర ఎడం ఇచ్చి.

ఇరుకు రోడ్డు మీద ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగేవాడు వెనక్కి తీయాలి. ఎక్కేవాడి వెనకే చోటుంటే అతను తగ్గడం మర్యాద. స్విట్జర్లాండ్‌లో నీలం బోర్డు మీద పసుపు కొమ్ము బొమ్మ కనిపిస్తే అది పోస్ట్‌బస్ నడిచే కొండ రోడ్డు. అక్కడ పసుపు బస్సుదే ముందు హక్కు, ఎటు జరగాలో డ్రైవర్ సైగ చేస్తే అలాగే చేయాలి. మలుపు వెనక నుంచి మూడు స్వరాల హారన్ వినిపిస్తే ఉన్నచోటే ఆగండి.

ప్రమాదం ఎక్కువగా దిగేటప్పుడే ఉంటుంది. ఉంబ్రైల్ నుంచి సాంటా మరియాకు 1,100 మీటర్లకు పైగా దిగుతారు. మనుషులు, సామానుతో 1,600 కిలోల కారు అంత దిగితే దాదాపు 5 యూనిట్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. రెండు కిలోవాట్ల గీజర్ రెండున్నర గంటలు ఆన్‌లో ఉంచినంత వేడి అది. ఆ వేడంతా నాలుగు బ్రేకు డిస్కుల మీదకు నెట్టాలా, ఇంజిన్‌తో పంచాలా అన్నది డ్రైవర్ చేతిలో ఉంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, రెండు లేదా ఒకటి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చాలి. ఇంజిన్ నిమిషానికి 3,500 తిప్పులతో గోల పెట్టినా కంగారు వద్దు, ఇంజిన్ వేగాన్ని పట్టి ఉంచుతున్నప్పటి చప్పుడే అది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా రెండు మూడు సెకన్లు తొక్కి, తగ్గగానే పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన సమయంలోనే డిస్కులు చల్లారతాయి.

కాలిన వాసన వస్తే బ్రేకులు హద్దు దాటుతున్నట్టు. వెడల్పాటి చోట ఆపి, కారును గేరులో లేదా పార్క్‌లో పెట్టి, చక్రానికి రాయి అడ్డుపెట్టి అరగంట ఆగండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, పగులుతాయి. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే బ్రేకు ద్రవం మరిగి బుడగలు పట్టాయన్నమాట: వెంటవెంటనే తొక్కండి, గేరు తగ్గించండి, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు స్విచ్‌ను లాగి పట్టుకోండి. చాలా కార్లలో అది అత్యవసర బ్రేకుగా పనిచేస్తుంది. ఈ సంగతి కారు తీసుకున్న రోజే మాన్యువల్‌లో చూసుకోవాలి.

శిఖరం మీద కొందరికి తలనొప్పి, ఆయాసం రావొచ్చు. నీళ్లు తాగి, గంటలోపు కిందికి దిగితే చాలావరకు సర్దుకుంటుంది. పిల్లలకు దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి, నమలడానికి ఏదైనా ఇవ్వండి. అన్ని దేశాల్లోనూ అత్యవసర నంబరు 112.

ఇంధనం, ఛార్జింగ్

ఇటలీ బంకుల్లో గాసోలియో అంటే డీజిల్, బెంజీనా అంటే పెట్రోల్. గాసోలియోను గ్యాసొలిన్ అనుకుని పెట్రోల్ కారులో డీజిల్ కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. పొరబడితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సాయం కోసం ఫోన్ చేయండి, స్టార్ట్ చేస్తే ఖర్చు చాలా రెట్లు పెరుగుతుంది. టాంకు సగానికి వచ్చిందంటే నింపేయడం కొండల్లో మంచి అలవాటు. స్టెల్వియో ఎక్కేముందు ప్రాటోలోనే నింపండి. మనుషులు లేని బంకుల్లో కార్డుకు పిన్ అడుగుతుంది.

ఎలక్ట్రిక్ కారైతే లెక్క వేరు. ప్రాటో నుంచి శిఖరం దాకా 1,840 మీటర్ల ఎత్తు. రెండు టన్నుల కారును అంత పైకి లేపడానికే 10 యూనిట్లు కావాలి, మామూలు దూరానికి అయ్యే ఖర్చు కాక. దిగేటప్పుడు అందులో చెప్పుకోదగ్గ భాగం తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం తిరిగి తీసుకోలేదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కనుమ పైనున్న హోటల్‌లో రాత్రి ఛార్జ్ పెడితే 80 శాతం దగ్గర ఆపేయండి.

ఫోన్, డబ్బు

యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమం స్విట్జర్లాండ్‌కు వర్తించదు, లీచ్‌టెన్‌స్టయిన్‌కు వర్తిస్తుంది. సిమ్ కొనేటప్పుడే స్విట్జర్లాండ్ కలిసి ఉందో లేదో చూడండి. లేకపోతే మ్యూస్టెయిర్ లోయకు దగ్గరలోనే డేటా రోమింగ్ ఆపేయండి, ఇటలీలో ఉండగానే ఫోన్ స్విస్ టవర్ పట్టుకోవచ్చు. స్విట్జర్లాండ్, లీచ్‌టెన్‌స్టయిన్ రెండింటిలోనూ ఫ్రాంకులే. కార్డు మిషన్ మీ దేశం కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. పార్కింగ్ మిషన్ల కోసం నాణేలు ఉంచుకోండి.

కారు అప్పగించాక

టాంకు నింపిన బిల్లు, కారు నాలుగు వైపులా, చక్రాలకూ దగ్గరగా తీసిన ఫొటోలు, కిలోమీటర్ మీటర్ ఫొటో, అప్పగించిన కాగితం అన్నీ ఒకచోట దాచండి. విన్యెట్, టోల్, పార్కింగ్ రసీదులు కూడా. ఇటలీ జరిమానా నోటీసు విదేశాల్లో ఉండేవాళ్లకు 360 రోజుల దాకా పంపొచ్చు. అద్దె కంపెనీ మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు కార్డు నుంచి రుసుము ముందే లాగుతుంది, ఆ రుసుము జరిమానా కాదు, జరిమానా తర్వాత వస్తుంది. వచ్చినప్పుడు తేదీ, సమయం, చోటు మీ రసీదులతో పోల్చి చూడండి. సరైనదే అయితే అందిన 5 రోజుల్లో కడితే చాలా రకాల ఉల్లంఘనలకు 30 శాతం తగ్గుతుంది.